పదిహేడో ముక్క

తెరమీద అణువు దానంతట అదే తిరిగింది. మౌసు మీద ఆమె చెయ్యి లేదు.

అది మూడేళ్ళ కష్టం, ఇరవై నాలుగు ముక్కల గొలుసు. లింకు తెరిచినవాళ్ళు ఎవరైనా ఆ బొమ్మను తిప్పి చూడొచ్చు, గుర్తు పెట్టొచ్చు. ఒకరు తిప్పితే అందరి తెరలమీదా తిరుగుతుంది. పొద్దున అత్తయ్య చేతితొడుగుల కార్ఖానాకి బయల్దేరే వేళ ఆమె ఆ లింకును పరీక్షకుడికి పంపింది. గొప్పకి ఇంట్లోవాళ్ళ గ్రూపులోనూ పెట్టింది. అక్కడ ఎవరూ ఉలకలేదు, పలకలేదు. మూడింటికి పరీక్షకుడు స్వయంగా వస్తాడు. తప్పు పట్టాడంటే డాక్టరేటు పట్టా ఇంకో ఏడాది వెనక్కి పోయినట్టే.

ఇప్పుడు ఒంటిగంటన్నర. తెర మూలన ‘అతిథి’ అన్న పేరు వెలుగుతోంది. గొలుసు అటూ ఇటూ తిరిగి పదిహేడో ముక్క దగ్గర ఆగింది. దానిమీద ఎర్రచుక్క పడింది. పక్కనే ఒక మాట: ‘అన్నీ ఎడమచేతివి. ఇదొక్కటి కుడిచేతిది.’

“పరీక్షకుడే,” అంది పక్కబల్ల స్నేహితురాలు. “రాకముందే మొదలెట్టాడు.”

ఆమె ఆ ముక్కను దగ్గరగా చూసింది. నిజమే. అన్ని ముక్కలూ ఒకే చేతివి కావాలి. అదొక్కటీ అద్దంలో బొమ్మలా తిరగబడి ఉంది. ఎన్నిసార్లు చూసిందో, ఒక్కసారీ కంటపడలేదు. తిండి మానేసి కూర్చుని, మూడింటికి పది నిమిషాల ముందు సరిచేసింది.

పరీక్షకుడు వచ్చి గొలుసును నెమ్మదిగా తిప్పి చూశాడు.

“శుభ్రంగా ఉందమ్మా. నిరుడు ఒకాయన గొలుసులో ఒక్క ముక్క తిరగబడితే మొత్తం వెనక్కి పంపాను.”

సంతకం పడింది. ఆమెకి ప్రాణం లేచొచ్చింది. “మీరు ముందే గుర్తు పెట్టబట్టి బతికిపోయాను సార్,” అంది.

“నేనా? ఆ లింకులు తెరవడం నాకు చేతకాదు. ఇదే చూడటం.”

ఆ అతిథి ఏ దేశపు పండితుడో అనుకుంటూ, తేలికపడ్డ మనసుతో ఇల్లు చేరింది. పరిశోధన పత్రం చివర ‘పేరు తెలియని మహానుభావుడికి కృతజ్ఞతలు’ అని రాసి మురిసిపోతుండగా వీధితలుపు చప్పుడైంది.

“ఆ కుడిచేతిది మార్చేశావా అమ్మాయ్?” అంది అత్తయ్య చెప్పులు విడుస్తూ.