తడి మట్టి

తన మడిలో ఎవడో బకెట్టుతో నీళ్లు పోస్తున్నాడు!

దర్జీ ఆవిడ తోట గేటు దగ్గరే ఆగిపోయింది.

అసలే అనుమానం మనిషి. కొలతలు ఎవరు చెప్పినా నమ్మక, తన టేపు తీసి రెండుసార్లు చూసుకునే రకం.

నగరపాలక సంస్థవాళ్లు జనానికి పంచే ఆ కూరగాయల తోటలో మంచమంత మడి కోసం నాలుగేళ్లు పడిగాపులు కాసింది. ఉన్నవి నలభై మళ్లు, జాబితాలో మూడొందల పేర్లు. మూడో అంతస్తులో ఒంటిగది కాపురం ఆమెది. కాలు మట్టికి తగిలేది అక్కడొక్కచోటే.

పది రోజులు మట్టి ఎండితే మడి వెనక్కి తీసేసుకుంటారు. అదీ నియమం. భర్త కాలు విరిగి, ఆమె ఇరవై రోజులు ఆస్పత్రిలోనే ఉండిపోయింది. మడి ఉందో ఊడిందోనని పరుగున వస్తే ఇదీ సంగతి!

కలుపు తీసేసి ఉంది. చిక్కుడు తీగలకు కొత్త కర్రలు కూడా పాతి ఉన్నాయి.

'అమ్మో, పాగా వేసేశాడు!' అనుకుంది.

"ఏమయ్యా, నా మడిలో నీకేం పని?"

అతను కంగారుగా బకెట్టు దింపాడు.

"మీదేనా అమ్మా? ఎండిపోతోందని కాసిన్ని నీళ్లు పోశానంతే."

"ఊరికే పోస్తారా ఎవరైనా? ఎన్ని కాయలు కోసుకెళ్లావ్?"

"ఒక్కటీ ముట్టలేదమ్మా."

"కబుర్లు చెప్పకు. నాలుగు రోజులాగితే మడే నాదంటావ్!"

అతను ఖాళీ బకెట్టు తీసుకుని గేటు వైపు నడిచాడు.

ఆవిడ ఊరుకుంటుందా? తిన్నగా సూపర్‌వైజర్ గదికెళ్లి, ఫిర్యాదు రాసి సంతకం పెట్టి మరీ వచ్చింది.

వారం తర్వాత సూపర్‌వైజరే పలకరించాడు.

"ఇతరుల మడిలో చెయ్యి పెట్టినందుకు అతని పేరు కొట్టేశామమ్మా. ఇక ఈ తోటలో అతనికి మడి రాదు."

"తిక్క కుదిరింది! అవునూ, ఇరవై రోజులు రాకపోయినా నా మడి తీసేసుకోలేదేం?"

"పదో రోజు తనిఖీకొచ్చాను. మట్టి తడిగానే ఉంది. పొడిగా ఉంటే అప్పుడే జాబితాలో మొదటాయనకి ఇచ్చేసేవాణ్ణి. ఆరేళ్లుగా వారం వారం వచ్చి అడుగుతున్నాడు పాపం. మీ మడి ఎండితే తనకే వస్తుందని ఆయనకీ తెలుసు."

ఆమె మనసు కరిగింది.

"అయ్యో! ఇంకో మడి ఖాళీ అయితే ముందు ఆయనకే ఇవ్వండి."

సూపర్‌వైజర్ ఆమె వంక వింతగా చూశాడు.

"ఇంకెక్కడ ఇచ్చేదమ్మా? మీ మడికి నీళ్లు పోసింది ఆయనేగా."