పొగకన్నుకు పెట్టిన బొట్టు

రాష్ట్రంలో బొగ్గు కాల్చే ప్రతి పొగగొట్టానికీ అప్పటికి ఒక పొగకన్ను వచ్చేసింది. ఏ ఊరి ఫ్యాక్టరీ గాలిలోకి ఎంత కార్బన్ వదిలిందో అది చెబితే, ఇంటింటి గోడ తెర మీద వాతావరణంతో పాటు ఆ అంకె కూడా ఎప్పటికప్పుడు మారుతూ కనిపించేది.

దసరా మర్నాడు, కాగితం మిల్లు ఉన్న తుమ్మలవాడ అన్ని ఊళ్లకన్నా తక్కువ పొగతో మొదటి స్థానంలో నిలిచింది. మిల్లు గేటు దగ్గర డప్పులు మోగాయి. బాయిలర్‌కు బొగ్గు వేసే ఓదెమ్మకు మాత్రం చాయ్ సయించలేదు.

“మొగిలన్నా, నిన్న ఎప్పటిలెక్కనే నలభై టన్నులు ఏసిన. పొగ సగమెట్లయితది?”

“మిషినే చెప్పవట్టె. ఊరంతా సంబురంగుంటే నీకెందుకు?” అన్నాడు మేస్త్రీ మొగిలయ్య.

ఓదెమ్మ పొగగొట్టం నిచ్చెనెక్కింది. పైన పొగకన్ను నిండా పసుపు, దాని మీద రూపాయి బిళ్లంత కుంకుమ బొట్టు. ఆయుధపూజ నాడు పనిముట్లన్నిటితో పాటు దానికీ పెట్టింది తనే. కొంగుతో శుభ్రంగా తుడిచింది. ఆమె దిగేసరికి తుమ్మలవాడ పందొమ్మిదో స్థానానికి జారింది. డప్పులు ఆగిపోయాయి.

“బొట్టు పెట్టింది నేనే,” అంది అందరి ముందూ. “గా మాటే రాష్ట్రమంతటికీ చెప్పు అన్నా.”

మొగిలయ్య మొహం మాడ్చుకుంటూనే ఆ కబురు పంపాడు.

సాయంత్రం గోడ తెర మీద ఒక్కో ఊరి అంకె పెరగసాగింది. ఆ కబురు విని ఎక్కడికక్కడ ఎవరో నిచ్చెనెక్కి పసుపు తుడుస్తున్నారు. మొగిలయ్య చాలాసేపు ఆ అంకెలనే చూశాడు. తర్వాత డప్పుల వాళ్లను వెనక్కి పిలిచాడు.

“ఇగ ఇప్పుడు కొట్టుండ్రి.”