వరసలో మొదటి జత

ఆసుపత్రిలో టోకెన్ల కౌంటర్ ఇంకా తెరవలేదు. అప్పటికే తలుపు ముందు సంచులు, నీళ్ల సీసాలు, చెప్పులు వరసగా ఉన్నాయి. మనుషులు మాత్రం గోడవారన కూర్చున్నారు.

కేన్సర్ తగ్గినవాళ్లు చెకప్‌కు వచ్చే రోజది. వారానికి ఒక్క పూటే చూస్తారు. టోకెన్లు కొన్నే ఇస్తారు.

శశికళ అందరికంటే చివర తన సంచి పెట్టింది. రొమ్ము కేన్సర్ తగ్గి రెండేళ్లయింది. ఇప్పుడు ఆపరేషనైన వైపు చెయ్యి వాచి, తను పనిచేసే చిక్కపేట దుకాణంలో చీరల కట్ట దించాలంటే ప్రాణం పోతోంది. సెలవడిగితే షావుకారు, జబ్బు తగ్గిందన్నావు కదా అంటాడు. పోయిన రెండు వారాలూ టోకెన్ దొరక్క తిరిగిపోయింది. ఈసారీ దొరక్కపోతే ఇక ఈ గడప తొక్కనని ఒట్టు పెట్టుకుంది.

వరసకు మొదట ఎప్పటిలాగే అదే ఆడచెప్పుల జత. పక్కనే ముసలాయన, తువ్వాలుతో వాటి దుమ్ము తుడుస్తున్నాడు.

శశికళకు ఒళ్లు మండింది.

"చెప్పులు వచ్చినాయి, మనిషి యాడ తాతా?"

"వస్తాదిలే తల్లీ."

మహారాణి ఇంట్లో తీరిగ్గా కాఫీ తాగి బయల్దేరుతుంది కాబోలు అనుకుని, కాలితో ఆ చెప్పుల్ని పక్కకు నెట్టింది.

ముసలాయన వంగి మళ్లీ సర్ది పెట్టాడు.

కౌంటర్ తెరిచే వేళకు అందరూ లేచి నిలబడ్డారు. ముసలాయన వరస పొడుగునా నడిచి చివరికొచ్చాడు.

"నువ్వు పోయి ఆ చెప్పుల కాడ నిలబడు తల్లీ."

"మరి నీ మనిషి?"

"ఈ పొద్దుకు రాదులే."

శశికళ పరుగున వెళ్లి నిలబడింది. దండం కూడా పెట్టలేదు. వరస సగమైనా కాకముందే టోకెన్లు అయిపోయాయి.

ఇంకొన్నాళ్లు ఆగి ఉంటే ఈ చెయ్యి మళ్లీ మామూలయ్యేది కాదన్నారు డాక్టరమ్మ.

కొన్ని నెలలకు ఆసుపత్రి వాళ్లే ఫోన్ చేసి, చెకప్‌కు ఏ రోజు, ఏ వేళకు రావాలో చెప్పారు. వెళ్తే అక్కడ వరసే లేదు. కుర్చీలున్నాయి. పేరు పెట్టి పిలుస్తున్నారు. నర్సు చెయ్యి కొలిచి, నిద్ర పడుతోందా, పని చేసుకోగలుగుతున్నావా అని కూడా అడిగింది. శశికళకు కళ్లు చెమర్చాయి.

తాతకని తెచ్చిన జామకాయల సంచితో అంతా వెతికింది. చివరికి ఆ చెప్పుల తాత ఏడని ఆయా చౌడమ్మను అడిగింది.

"సొన్నప్పనా? ఈ ఏర్పాటంతా ఆయన వల్లే కదమ్మా. జబ్బు తగ్గినోళ్లను ఆసుపత్రే పిలిచి చూడాలని కనపడిన ప్రతి ఆఫీసరు కాడా మొత్తుకున్నాడు. ఇప్పుడు వరసే లేదే, ఆయనకు ఈడేం పని? రావడం మానేసినాడు."

ఊరేదని అడిగితే, ఎవరికీ చెప్పలేదంది.

"ఆ చెప్పులు ఆయన భార్యవే కదా? ఆయమ్మకు ఎట్లుండాది?"

చౌడమ్మ చేతిలోని చీపురు గోడకు ఆనించింది.

"ఆయమ్మ టోకెన్ దొరక్క తిరిగి తిరిగి, ఇంక రానని ఒట్టు పెట్టుకునిందమ్మా. జబ్బు తిరగబెట్టి పోయి ఏండ్లయింది. అప్పట్నించి ఆయమ్మ చెప్పులు మొదట పెట్టి, అందరికంటే కడాన నిలబడినోళ్లకు ఆ చోటు ఇస్తా ఉండినాడు."