ముఖం గుర్తుపట్టే ఫోన్

కొత్త అప్‌డేట్ వచ్చిన నాటి నుంచి సూర్యాపేట బస్టాండు ఎదురుగా ఉన్న రవీందర్ మొబైల్ షాపులో అందరివీ అవే ప్రశ్నలు. అప్‌డేట్ చేస్తే ఫోన్ స్లో అయితదా? ఫోటోలు పోతయా? వాట్సాప్ ఉంటదా? చెప్పీ చెప్పీ రవీందర్‌కు విసుగొచ్చింది. ఎక్కడో కూర్చున్న కంపెనీ వాడు చేసిన పనికి తాను జవాబు చెప్పుకోవడమేమిటో అతనికి అంతుపట్టలేదు.

మిర్యాలగూడ బస్సు దిగి నేరుగా షాపులోకి వచ్చిన ఆమె మాత్రం వేరే ప్రశ్న అడిగింది.

"అన్నా, అప్‌డేట్ అయినంక గూడ ముఖం సూసి తెరుసుకుంటదా?"

రవీందర్ తలెత్తి చూశాడు. గుర్తుపట్టినట్టు నవ్వాడు.

"కల్పనా! రెండేండ్ల కింద గీడనే తీస్కున్నవ్ గద ఈ ఫోన్. గింత బక్కగైనవేంది చెల్లె?"

ఆమె ఫోన్ తీసి కౌంటర్ మీద పెట్టింది.

"అప్‌డేట్ అయితే ఫోన్ బంద్ అయి మళ్ల ఆన్ అయితది. అప్పుడు ఒక్కసారి లాక్ నంబర్ కొట్టాలె. కొట్టకపోతే నీ ముఖాన్ని లెక్కనే చెయ్యదు."

"ఆ నంబరే తెల్వదన్నా."

"నీ లాక్ నంబర్ నీకే తెల్వకపోతే ఎట్ల?" అంటూ మళ్లీ నవ్వాడు. ఆమె నవ్వలేదు.

"తెల్వకపోతే ఏమైతది?"

"లోపలున్నదంతా తుడిచేసుడే. సిమ్ము పనిచేస్తది గని, ఫోటోలు, మెసేజులు అన్నీ ఖతం."

ఆమె గబుక్కున ఫోన్ మీద చెయ్యి పెట్టింది. "తుడవొద్దన్నా. దీంట్ల ఒక గొంతున్నది. అది మళ్ల యాడ దొరకదు."

రవీందర్ ఫోన్ తిప్పి చూశాడు. వెనుక పౌచ్‌లో ఆటోకు ఆనుకుని నిలబడ్డ తండ్రి ఫోటో, పాస్‌పోర్ట్ సైజుకు కత్తిరించి పెట్టింది.

"నాయినదా?" అని మెల్లగా అడిగాడు.

ఆమె తల దించుకుంది. కౌంటర్ అద్దం మీద కన్నీటి చుక్కలు పడ్డాయి. రవీందర్‌కు తన వేళాకోళం మీద తనకే సిగ్గేసింది.

"పరేషాన్ గాకు చెల్లె. ముందుగాల లోపలున్నవన్నీ కంప్యూటర్ల ఎక్కిస్త. తర్వాత ఏమైనా భయం లేదు."

అంతలో ఫోన్ మోగింది. అమ్మ వీడియో కాల్. ఆమె గబగబా చున్నీతో ముఖం తుడుచుకుంది, నవ్వు తెచ్చిపెట్టుకుంది. ఎండాకాలంలో అమ్మకు గుండె ఆపరేషన్ అయింది. చెడ్డ కబురేదీ చెవిన పడొద్దన్నారు డాక్టర్లు. అప్పటి నుంచి అమ్మ నడిగూడెంలో మేనమామ ఇంట్లోనే ఉంటోంది. ఆ ఇంట్లో అందరూ ఆచితూచి మాట్లాడతారు. ఆమె కూడా అమ్మ ఎదుట ఒక్కసారీ ఏడవలేదు.

"తిన్నవా బిడ్డా?"

"తిన్ననమ్మా."

"సరిత ఎట్లున్నది? దాని ఫోనే వస్తలేదు."

"మంచిగున్నదమ్మా. రైస్ మిల్లుల పని జోరుగున్నదట."

"ఒక్క కాన్పుల ఒక్క తీరుగ పుట్టిన్రు గని, దానికి నీ అంత ధైర్యం లేదే. యాల్లకింత తినుమని చెప్పు. ఒక్కతే కూసోని ఏడ్వొద్దని చెప్పు."

ఆమె ఉలిక్కిపడింది. "అదెందుకేడుస్తదమ్మా?"

"చిన్నప్పటి సంది అది గంతే."

ఇంకో మాట మాట్లాడితే నవ్వు జారిపోయేలా ఉంది. "సిగ్నల్ లేదమ్మా, మళ్ల చేస్త" అని పెట్టేసింది.

రవీందర్ ఫోన్‌కు కేబుల్ తగిలించాడు. ఇంతలో ఎవరో ఇయర్‌ఫోన్లు అడిగితే అటు తిరిగాడు. బ్యాటరీ చాలక ఇన్నాళ్లూ ఆగిన అప్‌డేట్‌కు కావలసింది ఆ కాస్త కరెంటే. అతను ఇటు తిరిగేసరికి స్క్రీన్ నల్లబడింది. కంపెనీ గుర్తు వెలిగింది.

"అయ్యో!" అంటూ కేబుల్ పీకాడు.

ఫోన్ ఆన్ అయింది. నంబర్ కొట్టమంది. ఆమె ముఖం చూపించింది. జుట్టు వెనక్కి తోసుకుని, వెలుతురులోకి వచ్చి మళ్లీ చూపించింది. ఇన్నాళ్లూ చూడగానే తెరుచుకున్న ఫోన్ ఇప్పుడు ఆమెను ఎరగనట్టే ఉంది. పుట్టినరోజు కొట్టింది. తప్పు. పుట్టిన సంవత్సరం కొట్టింది. తప్పు.

"ఇగ తుడుసుడేనా అన్నా?"

"తప్పు నాదే చెల్లె" అన్నాడు రవీందర్.

ఆమె అక్కడే స్టూలు మీద కూలబడి వెక్కివెక్కి ఏడ్చింది. మనిషి పోయినా గొంతు మిగిలిందనుకుంది. దాన్ని చెవి దగ్గర పెట్టుకుంటే తప్ప ఆమెకు నిద్ర పట్టడం లేదు. ఇప్పుడు అదీ లేకుండా పోతోంది.

ఫోన్ మళ్లీ మోగింది. లాక్ పడ్డ ఫోన్ కదా, పేరు రాలేదు, నంబరే వచ్చింది. అది అమ్మ నంబరు. ఆమె గొంతు సవరించుకుని ఎత్తింది.

"వీడియో కలుస్తలేదేందే?"

"ఫోన్ లాక్ పడ్డదమ్మా. నంబర్ మర్చిపోయిన" అంటూ నవ్వబోయింది. నవ్వు రాలేదు, ఎక్కిలి వచ్చింది.

అవతల అమ్మ ఏమీ మాట్లాడలేదు. ఆమె స్టూలు మీంచి లేచింది.

"అమ్మా! మంచిగున్నవా? అమ్మా!"

"ఉన్న బిడ్డా" అంది అమ్మ. "కల్పన బతికున్నన్ని రోజులు అన్నిటికీ మీ నాయిన ఆటో నంబరే పెట్టుకున్నది, గదే కొట్టి సూడు సరితా."