పారిష్ ఇంటి అరుగు

పాలయ్య బెయిలు మీద ఇంటికొచ్చిన మూడోరోజు, పక్కింటి అరుగు మీద ఒక ముసలాయన కంబళి పరుచుకుని కూర్చున్నాడు.

"ఎవురప్పా నువ్వు?"

"పక్కింట్లో దిగినా."

"పేరు?"

"పేరుతో ఏం పని నాయనా? మంచినీళ్లుంటే ఒక చెంబు ఇప్పించు."

పాలయ్య నీళ్లివ్వకుండానే లోపలికి పోయి తలుపు గడియ పెట్టాడు.

జమ్మలమడుగు బస్టాండులో సింహాద్రిపురం వీరన్నను నరికిన కేసు అతనిది. చెప్పింది పార్టీ, చేసింది పాలయ్య. వీరన్న తమ్ముళ్లు ముగ్గురూ ఒట్టు పెట్టుకున్నారని ఊరంతటికీ తెలుసు.

జైలు నుంచి వచ్చాక పాలయ్య ఎన్నిసార్లు వెనక్కి తిరిగి చూసేవాడంటే, "అన్నా, ఈసారి గుండీలు వీపున కుడతాలే, నీకు అదే ముందర అయిపాయ" అన్నాడు టైలరు ఖాదర్.

పక్కిల్లు చర్చి సంఘానిది. అందరూ పారిష్ ఇల్లు అంటారు. పాలయ్య నేరుగా పాస్టరు సత్యానందం దగ్గరికి పోయాడు.

"అయ్యగారూ, ఆ ముసిలోడు మన సంఘమేనా?"

"కాదు."

"మరి పారిష్ ఇంటి తాళం ఎట్లిస్తిరి? పారిష్ అంటే మనోళ్లకు గదా!"

సత్యానందం నవ్వాడు.

"అది గ్రీకు మాట పాలయ్యా. మొదట్లో దాని అర్థమే ఇంటి పక్కన మకాం పెట్టిన పరాయి మనిషి అని. ఈ లోకంలో మనం పరవాసులమని తొలినాటి విశ్వాసులు తమకు తామే పెట్టుకున్న పేరు. హద్దులు గీసి, వీళ్లు మనోళ్లు వాళ్లు కాదు అనుకోవడం తర్వాత వచ్చింది."

"ఆ గ్రీకోళ్ల ఊర్లో నాటు బాంబులు లేవేమో అయ్యగారూ!"

ముసలాయన మాత్రం వదల్లేదు. పాలయ్య టీ తాగబోతే అదే బెంచీ. బస్సెక్కితే పక్క సీటు. ఆఖరికి చెంబు పట్టుకుని చేలోకి పోయినా పది గజాల అవతల దగ్గు వినిపించేది.

"మామా, నీకు కొత్త పెండ్లాం దొరికె" అని ఎగతాళి చేశాడు పాలయ్య వెంట తిరిగే చెన్నకేశవ.

జూన్‌లో జమ్మలమడుగు కోర్టులో వాయిదా.

మెట్ల ముందర ఒక జీపు నెమ్మదించింది. లోపల మూడు తలపాగాలు.

ముసలాయన గబగబా వచ్చి పాలయ్య భుజానికి భుజం ఆనించి నిలబడ్డాడు. జీపు వైపు చూసి తల అడ్డంగా ఊపాడు.

జీపు వెళ్లిపోయింది.

"చూస్తివా మామా!" చెన్నకేశవ గొణిగాడు. "సైగ చేసినాడు. ఈ పొద్దు కాదు, ఇంగోనాడు అని!"

ఇంటికి రాగానే పాలయ్య ఆ కంబళిని వీధిలోకి విసిరేశాడు.

"యా పార్టీ నువ్వు? నిజం చెప్పు!"

"నాకు పార్టీ యాడిది? నాలుగు గొర్రెలుండె, అవీ అమ్మేస్తి."

"లెయ్. ప్రొద్దుటూరు బస్సు వొచ్చే టైమైంది."

"ఉండనీలే," అంది లోపల్నుంచి కరుణమ్మ. "నువ్వు పండుకునేదాకా ఆయప్ప కన్ను మూయడు."

"అదేనే నా భయం!" అన్నాడు పెళ్లాంతో.

ముసలాయన మొదటిసారి పాలయ్య చేయి పట్టుకున్నాడు.

"వానలు పడేదాకా ఉండనీ పాలయ్యా."

"పడితే?"

"సేద్యాలొస్తాయి. ఎవురి పన్లోకి వాళ్లు పోతారు. కోపాలు దిగుతాయి."

"ఎవురి కోపాలు?"

ముసలాయన చేయి వదిలి, వీధిలో పడిన కంబళి తీసి మడత పెట్టుకున్నాడు.

బస్సెక్కించి, అది మలుపు తిరిగిందాకా చూసి, మూడు నెలల్లో మొదటిసారి పాలయ్య వెనక్కి చూడకుండా ఇంటికి నడిచాడు.

మర్నాడు పొద్దున పదింటికి జీపు వచ్చి ఇంటి ముందరే ఆగింది.

ముందు సీట్లో వీరన్న పెద్ద తమ్ముడు. అతను పాలయ్య వైపు చూడనేలేదు. ఖాళీగా ఉన్న పక్కింటి అరుగును చూశాడు.

"ఈడ కూచోనుండే పెద్దాయన యాడికి పాయ?"

"పంపించేస్తి... నిన్ననే."

అతను వెనక సీటు వైపు తిరిగాడు. గొంతు పెంచలేదు.

"దిగండ్రా, మన నాయన ఈడ లేడంట."