అమావాస్య దాకా

"అమావాస్య పోనీమంటే మీ ఇద్దరికీ అంత తొందరేమి?"

వరదమ్మ గొంతు ఆసుపత్రి వరండా అంతా వినిపించింది.

"బూజుకి అమావాస్య తెలుస్తాదా మా? నాయన తలలో అది పెరగతానే ఉండాది," మునికుమార్ విసుక్కున్నాడు.

పొద్దుటి నుంచి తల్లీకొడుకుల మధ్య ఇదే రగడ. కోమలి అత్తకీ మొగుడికీ నడుమ కాఫీ ఫ్లాస్కు పట్టుకుని నిలబడింది.

ఆమె మామ ఆదిమూలం చిత్తూరు బెల్లం మండీలో వ్యాపారి. అటక మీది పావురాల రెట్టలో పెరిగే ఫంగస్ బూజు గాలితో లోపలికి పోయి, మెదడుకెక్కిందన్నారు తిరుపతి డాక్టర్లు. మామూలు మందు మెదడులోకి చేరడం లేదు. మూత్రపిండాలను మాత్రం తినేస్తోంది. కంటికి కనిపించని నానో రేణువుల్లో మందు నింపి, నేరుగా మెదడులోకి చేరేలా పంపే కొత్త వైద్యం ప్రయోగంలో ఉంది. ఆయనకు స్పృహ లేదు కాబట్టి భార్య సంతకం కావాలన్నారు.

"పరీక్షలు చేసేదానికి ఆయనేమన్నా ఎలకనా?" అంది వరదమ్మ.

"ఎలకల మీద అయిపోయిందంట అత్తా. అవి బాగానే ఉండాయంట."

పక్క బెంచీ మీద ఎవరో నవ్వారు.

గుండు మనిషి. ఇంత ఎండలోనూ మెడదాకా శాలువా కప్పుకున్నాడు. కొండ దిగి వచ్చిన యాత్రికుడనుకున్నారు అందరూ. తిరుపతిలో గుండుకి ఇంకో అర్థం ఎవరు వెతుకుతారు? మొదట్లో వరదమ్మ, "దర్శనం బాగా అయిందా అప్పా?" అని పలకరించి కాఫీ కూడా పోసింది. ఆయన నవ్వి కాఫీ అందుకున్నాడు.

ఇప్పుడు మెల్లగా లేచి వచ్చాడు.

"ఒప్పుకోండమ్మా. లేదంటే వద్దని అయినా డాక్టరుకు చెప్పేయండి. ఊరికే నానబెట్టొద్దండి."

కోమలికి ఒళ్లు మండింది. నిన్నా ఇదే మాట, మొన్నా ఇదే మాట.

"మేం ఒప్పుకుంటే నీకేమొస్తాదన్నా? కమీషనా?"

"ఏమీ రాదు పాపా."

"వద్దంటే?"

ఆయన రెండు చేతులతో తల పట్టుకుని, "ఎండ ఎక్కువగా ఉండాది" అన్నాడు.

"అయితే మీ ఊరికి పో. మా ఇంటి సంగతి నీకెందుకు?"

కోమలి సెక్యూరిటీని కేకేసింది. అతను వచ్చేలోపే గుండాయన కదిలాడు, బయటికి కాదు, లోపలికి.

"గేటు అటు పక్క ఉండాదప్పా!" అని అరిచింది కోమలి.

ఆయన వెనక్కి తిరగలేదు.

మరునాడు అమావాస్య. బెంచీ ఖాళీగా ఉంది.

"పీడ వదిలింది," అంది కోమలి.

అప్పుడే డాక్టరు వరదమ్మను ఒక్కదాన్నే గదిలోకి పిలిచాడు.

ఆమె చాలాసేపటికి గోడ పట్టుకుని బయటికి వచ్చింది. చిత్తూరు నుంచి వచ్చిన మరిది చిన్నబ్బతో సహా అందరూ లేచి నిలబడ్డారు.

"నాయనకేమైంది మా?"

"ఏమీ కాలేదు. సంతకం పెట్టేసినా. ఈ పూటే మందు ఎక్కిస్తారు."

"ఈ దినం అమావాస్య కదొదినా?" అన్నాడు చిన్నబ్బ.

వరదమ్మ ఖాళీ బెంచీ వైపు చూసింది.

"ఆ గుండాయన పోయినాడంట."

యాడికి అని అడగబోయిన కోమలి అత్త కళ్లు చూసి ఆగిపోయింది.

"ఆయన తలలోనూ ఇదే బూజంట. గుండు కొండ మీద కొట్టింది కాదు, ఆపరేషనుకని ఈడనే గొరిగినారంట. పేరు పరంధామయ్య. పూతలపట్టు పక్క. నా అనేవాళ్లు ఎవురూ లేరంట."

కోమలి బెంచీ వైపు చూడలేకపోయింది.

"ఆయన్ని మనమే తీసుకపోతాం. మునీ, కొరివి నువ్వు పెట్టాల."

చిన్నబ్బ అదిరిపడ్డాడు.

"మతి పోయిందా వదినా? తండ్రి బతికుండంగా కొడుకు కొరివి పట్టుకుంటాడా? అంత ఆచారం సూసేదానివి నువ్వేనా?"

వరదమ్మ గొంతు పెంచలేదు.

"ఒక్కరికి సరిపోయేంతే తయారైన ఆ మందు గుండాయన కోసం వచ్చిందే చిన్నబ్బా, ఇంటినిండా మనుషులుండే మీ అన్నకే ముందు ఇయ్యండి, వాళ్లు వద్దంటేనే నాకు అని డాక్టరుతో చెప్పి, మనం అవుననో కాదనో అంటామని ఆ బెంచీ మీద కూసోని కాసుకున్నాడు."