నోరు మూసిన రంధ్రాలు

తెర మీద ఎరుపు పాకుతోంది.

“ఏంటమ్మా ఇది! ఎక్కడిదక్కడ ఆగిపోయిందేం?” కంట్రోల్ రూములోకి రావడమే అరుపుతో వచ్చాడు చీఫ్.

“రంధ్రాల నోళ్లు మూసుకుపోతున్నాయి సర్,” అంది ఆమె, తల తిప్పకుండా.

అక్కడ తయారయ్యేవి బ్రేకు డిస్కులు. స్పంజిలా ఒళ్లంతా సన్నని రంధ్రాలున్న కర్బనపు పలకలకు కొలిమిలో కరిగిన సిలికాన్ తాగిస్తారు. అది లోపలికి దిగుతూ, రంధ్రాల గోడలతో కలిసి రాయిలా గట్టిపడుతుంది. దిగడం ముందు, బిగియడం తర్వాత జరగాలి. వేడి మితిమీరితే వరస తిరగబడుతుంది. గోడలు మందమెక్కి దారి పూడిపోతుంది. లోపల పట్టని ద్రవం, పలకను బిగించిన మూసను పగలగొట్టుకుని మనుషుల మీదికొస్తుంది.

ద్రవం ఎంత దూరం చొరబడుతుందో, గోడ ఎంత మందమెక్కుతుందో ముందే లెక్కగట్టి చూపించే ప్రోగ్రాం ఆమె రాసిందే. వేడి పెంచొద్దని అది మొదట్నుంచీ మొత్తుకుంటూనే ఉంది. వినేవాడేడీ?

ఆమధ్య ఆమె సెలవులో ఉన్న రోజున మూస పగిలింది. కొలిమి దగ్గర నిలబడ్డ ఆమె భర్త ఇంటికి తిరిగి రాలేదు.

“అతనే సొంత తెలివితో వేడి పెంచాడు. నేను చెప్పలేదు,” అన్నాడు చీఫ్ విచారణలో. చచ్చినవాడు లేచొచ్చి కాదనడు కదా! రేపు విచారణాధికారి నివేదిక ఇచ్చేస్తే ఆ మాటే ఖాయమైపోతుంది. తన చావు తానే తెచ్చుకున్న మూర్ఖుడిగా భర్త పేరు మిగిలిపోతుంది.

ఆమె ఏడవలేదు. కడుపులో కత్తులు పెట్టుకుని, రోజూ చీఫ్‌కు నవ్వుతూ నమస్తే చెప్పింది.

రిపేరయిన కొలిమిని ఇవాళే వెలిగించాలని చీఫ్ హుకుం వేశాడు. కొలిమి షెడ్డు ఆవరణ అవతలి కొసన ఉంది. ఆ సెగ దగ్గరికి చీఫ్ ఏనాడూ పోడు. కూర్చున్న చోటి నుంచే పెత్తనం.

ఫోను స్పీకరులో ఆమె మరిది గొంతు. అన్న చేసిన పని ఇప్పుడు అతనిదే.

“వదినా, మూస టపటపమంటోంది! వేడి తగ్గించేయమంటారేమో అడుగు సార్‌ని!”

“తగ్గించావో, తోలు తీస్తా!” చీఫ్ ఫోను మీదికి వంగాడు. “రేపు కొనేవాళ్లొస్తున్నారు. సరుకు చెడితే నా ఉద్యోగం గోవిందా. పెంచు! పలచబడితే అదే దిగుతుంది.”

“దిగదు సర్. గోడలు ఇంకా తొందరగా బిగుస్తాయి,” అంది ఆమె. “నా లెక్క ప్రకారం...”

“నీ లెక్కలు ఊరగాయ పెట్టుకో! ఇనుము, నిప్పు చూసి నా జుట్టు నెరిసింది.”

“అయితే పెంచమని మీరే చెబుతున్నారా సర్?”

“నేనే! డప్పు కొట్టించి చెప్పాలా?”

“సార్, కాళ్ల కింద నేల కాలుతోంది,” మరిది బతిమాలాడు. “ఇంట్లో చిన్నపిల్ల ఉంది సార్...”

పారిపో అని ఆమె ఒక్క మాట అంటే చాలు. అనలేదు. పెదవి బిగబట్టి చీఫ్ నోటివంకే చూస్తోంది.

“పిరికి సన్నాసీ!” చీఫ్ బల్ల గుద్దాడు. “మీ అన్న నీలా నస పెట్టలేదురా! ఆ రోజు పెంచమని ఒక్కసారి చెప్పా. మారుమాటాడకుండా పెంచాడు. మగాడంటే వాడూ!”

స్పీకరులో చప్పుడు లేదు.

తెర మీద చివరి రంధ్రం మూసుకుంది. ఎరుపు అంచులు దాటి పొంగింది.

చీఫ్ ఫోను మీద పడ్డాడు. “ఒరేయ్! ఉన్నావా? పలకవేంరా?”

ఆమె నింపాదిగా కుర్చీ జరుపుకుని ఫోను దగ్గరికి వంగింది.

“కొలిమిని ఇవాళ ఎవరూ వెలిగించనే లేదు, ఈ తెర మీద పారిందంతా నా కంప్యూటరు కట్టిన లెక్కే, మీ గదిలో మా మరిదిని పక్కన కూర్చోబెట్టుకుని మీ చెవులతో మీరే విన్నారుగా విచారణాధికారి గారూ, మా ఆయన్ని చంపింది ఈ చీఫే!”